తాంబూలం లేని కాగితం

కొవ్వూరు సన్నాయి బుల్లియ్యకు జీవితంలో అర్థంకానివి చాలా తక్కువ. ఏ పెళ్లికి ఏ రాగం, ఏ కామందు దగ్గర ఎంత వంగాలి, ఏ డోలువాడు తాళం మింగేస్తాడు, అన్నీ ఆయనకు తెలుసు. కాగితం ఒక్కటే అర్థమయ్యేది కాదు. అర్థం చేసుకోవలసిన అవసరమూ ఎన్నడూ రాలేదు. మేళగాళ్ల ఒప్పందమంతా తాంబూలంలోనే ఉంటుంది. రెండు ఆకులు, ఒక వక్క, పైన ఒక రూపాయి చేతిలో పెడితే ఆ రోజుకు మాట ఇచ్చినట్టే. ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా పెనుగొండ పెళ్లికి నడిచి వెళ్లి వాయించి వచ్చాడు. తాంబూలం అందకపోతే మాత్రం సాక్షాత్తు జిల్లా కలెక్టరు పిలిచినా అది పిలుపు కాదు.

ఆయన బెంగంతా కాలం చేసిన తండ్రి అప్పన్న ముఖారి గురించి. అప్పన్న వాయించిన తీరులో ఆ శోకరాగం గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా బుల్లియ్య దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేదు. బుల్లియ్యకు కొడుకులు లేరు. నేర్చుకుంటామని వచ్చినవాళ్లు ఆయన కోపానికి నెల తిరక్కుండా పారిపోయేవారు. ఇప్పుడు ముందు పళ్లు రెండూ కదులుతున్నాయి. అవి ఊడితే సన్నాయి పీక పెదాల మధ్య నిలవదు. ఆయనతోపాటే ఆ ముఖారీ పోతుంది.

అందుకే 1908లో రాజమండ్రిలో పాటలు పట్టే యంత్రం దిగిందంటే రైలెక్కి వంతెన దాటి వెళ్లాడు. మద్రాసు కంపెనీ ఏజెంటు యంత్రానికున్న ఒక పెద్ద బాకా ముందు నిలబెట్టి రెండు పెళ్లిపాటలు వాయించమన్నాడు. తరవాత నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం తెచ్చి, మామూలేనంటూ వేలిముద్ర వేయించుకున్నాడు. బుల్లియ్య తాంబూలం కోసం కాసేపు చూశాడు. ఎవరూ ఇవ్వలేదు. సరే, ఊరికే మచ్చు చూసుకున్నారు, కావలిస్తే తాంబూలం పట్టుకుని వాళ్లే వస్తారు అనుకుని ఇంటికొచ్చేశాడు.

మూడు నెలల తరవాత ఇంకో కంపెనీ మనిషి వచ్చాడు. మంచిరోజు చూసుకుని మరీ, పళ్లెంలో ఆకూ వక్కా రూపాయీ పెట్టుకుని వచ్చాడు. "మీ నాన్నగారి ముఖారి వాయించాలండి" అన్నాడు. బుల్లియ్య కళ్లకద్దుకుని పుచ్చుకున్నాడు.

వారం తిరక్కుండా మొదటి కంపెనీ నుంచి నోటీసు దిగింది. నోటీసూ, దాంతోపాటు వచ్చిన పాత కాగితం నకలూ పట్టుకుని బుల్లియ్య మిషను బడి పంతులు యెహెజ్కేలు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"సదరు వాద్యకారుడు అంటే మీరండి. సదరు కంపెనీ అంటే వాళ్లు."

"నా పేరు తెలిసే కదండీ పిలిచారు. మధ్యలో ఈ సదరేంటండి?"

"వినండి. మీరు ఐదేళ్లపాటు మరొకరి యంత్రం ముందు వాయించకూడదు. వాళ్లకి ఇష్టమైతే మీవి పన్నెండు పాటల దాకా యంత్రంలో పట్టుకోవచ్చు."

"ఇష్టం లేకపోతేనండి?"

"పట్టుకోరు. మీరు మాత్రం కట్టుబడే ఉండాలి."

"వాళ్లు వాయించుకోరు, ఇంకోళ్లని వాయించుకోనివ్వరు. ఇదేం ఒప్పందమండి బాబూ? ఐదేళ్లంటున్నారు, ఈ పళ్లు ఐదు నెలలుంటే గొప్ప. అసలు ఇందులో తాంబూలం మాట ఎక్కడుందో చూపించండి."

యెహెజ్కేలు మళ్లీ మొదటినుంచి చదివాడు. తాంబూలం ఎక్కడా లేదు. వేలిముద్రే వీళ్ల తాంబూలమని నచ్చచెప్పేసరికి పాపం పంతులుకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఒళ్లు మండిన బుల్లియ్య రాజమండ్రి వెళ్లి ఏజెంటును నిలదీశాడు. అయితే నా ముఖారి మీరే పట్టుకోండి, ఇప్పుడే వాయిస్తానన్నాడు. ఏడుపు రాగం ఎవరు కొంటారని ఏజెంటు నవ్వాడు. ఆ నవ్వును బుల్లియ్య చచ్చేదాకా మరిచిపోలేదు.

తిరిగొచ్చి పంతులు అరుగు మీద కూలబడ్డాడు. యెహెజ్కేలు అప్పటికి కాగితం మరో రెండుసార్లు చదివి ఉన్నాడు.

"బుల్లియ్యగారూ, మీరు వాయించకూడదనే ఉందండి. నేర్పకూడదని ఎక్కడా లేదు."

మేళాల్లో ఒక పద్ధతి ఉంది. తాంబూలం పుచ్చుకున్నవాడికి వాయించే వీలు లేకపోతే, దాన్ని స్వయంగా తీసుకెళ్లి మరో సన్నాయిగాడి చేతిలో పెట్టాలి. అప్పుడు మాట తప్పినట్టు కాదు. ఆ ముఖారిని పట్టుకోగల చేయి ఒక్కటే ఉంది. అది రాజమండ్రి పోతురాజుది. వరసకు బావ. ఒక ఉత్సవంలో పదిమందిలో వెక్కిరించాడని బుల్లియ్య పదేళ్లుగా అతని గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు పళ్లెం పట్టుకుని తొక్కాడు. పోతురాజు మారుమాట లేకుండా అందుకున్నాడు. అది మరీ చిరాకు తెప్పించింది. కనీసం దెప్పి ఉంటే బాగుండేది.

నేర్పడం నరకమే. పోతురాజు రాగంలోని ప్రతి సంగతికీ తన సొంత సొగసులు తగిలించేవాడు. బుల్లియ్య నెత్తీ నోరూ బాదుకునేవాడు. మూడో వారంలో వాయించి చూపిస్తుండగా ముందు పన్ను ఊడి ఒళ్లో పడింది. ఆ తరవాత గొంతుతోనే పాడి నేర్పాడు.

రెండో కంపెనీవాళ్లు గ్రామఫోను ప్లేటు పట్టే రోజు గదిలో మూలన బుల్లియ్యను కూర్చోబెట్టారు. తన గొంతు బాకాలో పడితే ఆ కాగితం ఏమంటుందోనని నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఆ రోజుల్లో ప్లేటు చివర వాయించినవాడు తన పేరు తానే గట్టిగా చెప్పాలి, ప్లేటు తయారుచేసేవాళ్లకు గుర్తుకోసం. మా నాన్న ముఖారి ఇక పోతురాజు ముఖారి అయిపోతుంది కదా అనుకుని బుల్లియ్య తువ్వాలు ఇంకా లోపలికి కుక్కుకున్నాడు.

పోతురాజు వాయించాడు. ఈ కంపెనీ మనిషి పేరు చెప్పమని చేయెత్తాడు. పోతురాజు సన్నాయి దించి బాకాలోకి వంగాడు.

"కొవ్వూరు అప్పన్నగారి ముఖారి. వారబ్బాయి బుల్లియ్యగారు నేర్పింది."

యంత్రం ఆగింది. బుల్లియ్య తువ్వాలు పీకేశాడు.

"నీ పేరు చెప్పలేదేంటి?"

"వేళ అయిపోయింది బావా. రెండు పేర్లకే చోటుంది."

బుల్లియ్య ఆ తువ్వాలుతోనే కళ్లు తుడుచుకున్నాడు. 

"అవరోహణలో తొందరపడ్డావు" అన్నాడు.