బోరింగు దగ్గర మా పెద్దమ్మ

నా చిన్నప్పుడు శేరిలింగంపల్లిలో మా వాడ మొత్తానికీ ఒకటే బోరింగు. ఎండాకాలం ఎంత కొట్టినా సన్నటి ధారే వచ్చేది. మొన్న గచ్చిబౌలిలో, మా పెద్దమ్మ జ్ఞాపకార్థం పెట్టిన ప్రార్థన కూడికలో ఆ బోరింగు సంగతే చెబుదామనుకున్నాను. చెప్పనిస్తేగా! అందరూ ఆమెను శాంతమూర్తి అన్నారు, నోట్లో నాలుక లేని మనిషి అన్నారు. నేను లేచి రెండు మాటలన్నానో లేదో, ఆమె మనవడు "అత్తమ్మా, టైం అయిపోయింది" అంటూ మైకు తీసుకున్నాడు. ఆ చిరాకు నాకింకా దిగలేదు.

మా నాన్న పోయాక అమ్మనూ నన్నూ తన దగ్గరికి తెచ్చుకున్నది పెద్దమ్మే. ఆమె దవాఖానాలో నర్సు. ఆమె పిల్లలతో కలిపి మేమందరం ఆ జీతం మీదే బతికాం. ఉండేది కిరాయి ఇంట్లో.

ఒకరోజు వరసలో ముందున్న నా బిందెను ఇంటి ఓనరమ్మ కాలితో పక్కకు నెట్టి, తనది పెట్టుకుంది. నేను ఏడుస్తూ ఇంటికొచ్చాను. అమ్మ ఊరుకోమంది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన పెద్దమ్మ, తెల్లచీర కూడా మార్చకుండా, నా చెయ్యి పట్టుకుని బోరింగు దగ్గరికి నడిచింది. ఇక ఓనరమ్మ పని అయిపోయిందనుకున్నాను. తీరా వెళ్లాక పెద్దమ్మ నోరు విప్పదే!

"నువ్వు చెప్పవా పెద్దమ్మా?"

"రోజూ నీళ్లకొచ్చేది నువ్వు. నువ్వే చెప్పు బిడ్డా. నేను ఈడనే ఉంట."

నా మీద నాకే కోపం వచ్చింది, గొంతు పెగలనందుకు. ఎలాగో అన్నాను, "నా బిందె ముందుండె" అని.

"ఏంది పోరీ, పెద్దోళ్లకు ఎదురు చెప్తున్నవా?"

పెద్దమ్మ చెయ్యి నా వీపు మీద ఆనింది. మళ్లీ అన్నాను. ఓనరమ్మ గొణుక్కుంటూ తన బిందె తీసింది.

ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది.

"బిందెడు నీళ్లకు ఇల్లు పోగొట్టినవ్ గదక్కా!" అని అమ్మ తల పట్టుకుంది.

"ఇల్లు ఇంకోటి దొరుకుతది. పిల్ల నోరు ఒక్కసారి మూతపడితే మళ్ల తెరుచుకోదు" అంది పెద్దమ్మ.

రైలు పట్టాల అవతల ఇరుకు గదుల్లోకి మారాం. అక్కడి నుంచి నీళ్లు ఇంకా దూరం. మోసినన్నాళ్లూ పెద్దమ్మను లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

ఈ వయసులోనూ ఎవరైనా గద్దిస్తే నా గొంతు వణుకుతుంది. వణికే గొంతుతోనే చెప్పాల్సింది చెబుతాను. వినకపోతే మళ్లీ చెబుతాను.