పెద్దసారు మైకు, ఊరంతా కామెర్లు

సెల్‌ఫోన్లు ఇంకా మా చేతుల్లోకి రాని ఆ రోజుల్లో వార్త కూడా మనిషిలాగే బస్సెక్కి తిరిగేది. తిరుపతిలో బయలుదేరి, పాకాలలో టీ తాగి, కాణిపాకంలో నలుగురిని పలకరించి, మా ఐరాలలో దిగేసరికి ఒళ్లు చేసి గుర్తుపట్టలేకుండా అయిపోయేది. తిరుపతిలో ఎవరికో తుమ్మొచ్చిందంటే ఐరాలలో ఆ మనిషికి కర్మంతరం కూడా జరిగిపోయేది. ఇదంతా పుట్టినప్పటి నుంచీ చూస్తూ కూడా, అలాంటి వార్తల్ని అదుపులో పెట్టే ఉద్యోగంలో ధైర్యంగా చేరానంటే అప్పటికి నా వయసెంతో మీరే ఊహించుకోండి.

తొంభైల చివరి సంగతి ఇది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో కొత్తగా వెలసిన వైద్య విశ్వవిద్యాలయం. మెడికల్ కాలేజీ, నర్సింగ్ కాలేజీ, ఆసుపత్రి, హాస్టళ్లు, స్టాఫ్ క్వార్టర్సు అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. దానికి వైస్ ఛాన్సలర్‌గా వచ్చినాయన్ని మేమందరం పెద్దసారు అనేవాళ్లం. పుట్టింది చిత్తూరులోనే గానీ, ఏళ్ల తరబడి ఉత్తరాదిన గుండె ఆపరేషన్లు చేసి చేసి తెలుగును అక్కడే ఎక్కడో సగం మరిచిపోయి వచ్చారు; ఎదుటి మనిషితో ఏదో నెట్టుకొచ్చేవారు గానీ, మైకులో తెలుగు మాట్లాడే ధైర్యం లేదు. ఆయనకు ఒకటే పట్టుదల. "శరీరంలో రక్తం ఎట్లాగో కాంపస్‌లో సమాచారం అట్లా. అందని చోట కుళ్లు మొదలవుతుంది" అనేవారు. అందుకని ఆవరణ అంతా (రోగులుండే వార్డులు తప్ప) గోడలకు స్పీకర్లు పెట్టించి, రోజూ పొద్దున పది గంటలకు మైకులో అందరికీ అన్నీ చెప్పాలని నియమం పెట్టుకున్నారు. ఆయన ఇంగ్లీషులో చెప్తే, వెంటనే తెలుగులో చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషిని నేను. తెలుగు ఎమ్మే చదివాననీ, గొంతు బాగుందనీ తీసుకున్నారు. (గొంతు సంగతి మా అమ్మను అడిగితే, చేలో చిలకల్ని తోలి తోలి వచ్చిన గొంతమ్మా అది, అనేది.)

నా తెలుగు గురించి కూడా చెప్పాలి. జీవితంలో మొదటిసారి మైకు ముందు కూర్చున్న ఎమ్మే పిల్లకు మామూలు మాటలు నోటికి రావు. "రేపు మధ్యాహ్నం నీళ్లు రావు" అని సారు ఇంగ్లీషులో చెప్తే, నేను గొంతు సవరించుకుని, "అనివార్య కారణముల వలన రేపటి అపరాహ్ణమున జలసరఫరా స్తంభించును" అనేదాన్ని. అయిదు నిమిషాల్లో మెస్సు మామ నా గది తలుపు దగ్గరికి వచ్చేవాడు. మెస్సు మామ అంటే హాస్టల్ వంటలకు పెద్ద. తలమీద తువ్వాలు, చేతిలో గరిటె, మనసులో ఏదీ దాచుకోని నోరు. "అమ్మా, అంతా బాగా సెప్పినావు గానీ, నీళ్లు వస్తాయా రావా?" అని అడిగేవాడు. రావని చెప్తే, "ఈ మాట ముందే అనుంటే అయిపోయుండు గదా" అని పోయేవాడు. ఆయనకు సాహిత్యాభిరుచి లేదని నేను జాలిపడేదాన్ని.

ఇట్లా సాగుతుండగా ఒక ఎండాకాలం, రెండో సంవత్సరం చదివే ఒక కుర్రాడికి కామెర్లు వచ్చాయి. సన్నగా రివటలా ఉంటాడని స్నేహితులు అతన్ని బక్కోడు అని పిలిచేవాళ్లు. వాళ్లన్న పెళ్లికి ఊరికి పోయి, ఆ వేడిలో ఎక్కడ పడితే అక్కడ నీళ్లు తాగి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకు కళ్లు పచ్చబడ్డాయి. మా ఆసుపత్రిలోనే చేర్చుకున్నారు. ప్రమాదం ఏమీ లేదన్నారు. పెద్దసారు ఎందుకైనా మంచిదని ఆవరణలోని నీళ్లన్నీ పరీక్షకు పంపి, ట్యాంకులు కడిగించమని చెప్పి, ఆ పూట నన్ను పిలిచారు. "రోగి గుట్టు బయట పెట్టకూడదమ్మాయ్. కానీ జనానికి ధైర్యం చెప్పాలి" అన్నారు. సరే, ధైర్యం చెప్పే పని నాకు వదిలేయండి అన్నట్టు తల ఊపాను.

నేను చదివింది ఇప్పటికీ గుర్తుంది. "మన ప్రాంగణమునందు కామెర్ల వ్యాధి ప్రబలినదను వదంతులు సర్వథా నిరాధారములు. ఎవ్వరునూ భయాందోళనలకు లోను కావలదు." నిజానికి అప్పటిదాకా వదంతి అనేదే లేదు. బక్కోడి గదికి అటూ ఇటూ ఉన్న పిల్లలకు తప్ప సంగతి ఎవరికీ తెలియదు. నా ప్రకటన పూర్తయ్యేసరికి మాత్రం, ఆఫీసు గుమస్తాల నుంచి నర్సింగ్ పిల్లల దాకా అందరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. (ఒకే పూటలో అన్ని ప్రేమచూపులు ఆ కాంపస్ మళ్లీ ఎన్నడూ చూసి ఉండదు.)

మధ్యాహ్నానికి మెస్సులో సగం మంది తిండికి రాలేదు. అది తెలిసి పెద్దసారు మర్నాడు ఇంకో ప్రకటన ఇచ్చారు. "మెస్సు భోజనము మిక్కిలి సురక్షితము" అని నేను ముచ్చటగా చదివాను. ఆ మాటతో మిగిలిన సగం మందీ మానేశారు. మెస్సు మామ గరిటెతో సహా వచ్చి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది. "ఏమమ్మా, నేను నీకేం ద్రోహం జేసినాను? నా సాంబారు గురించి మైకులో ఎందుకు ఎత్తినావు?" అన్నాడు. "మంచిదనే కదా మామా చెప్పింది" అన్నాను. "మంచిదాన్ని మంచిదని ఎవురన్నా మైకులో సెప్తారా? ఇప్పుడు సూడు, గుండుగు నిండా అన్నం అట్లే ఉండాది. నేనూ నా మనుషులూ ఎంతని తినేది?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంతలో పిల్లలు ఎస్టీడీ బూత్‌ల ముందు వరసలు కట్టి ఇళ్లకు ఫోన్లు చేశారు. మూడో ప్రకటన సారు ఇచ్చారు. "తల్లిదండ్రులెవరునూ ఆదుర్దాతో విచ్చేయవలదు" అని నేను చదివాను. మర్నాడు పొద్దున చూద్దును గదా, గేటు ముందు తిరణాల! చిత్తూరు, పుంగనూరు, పలమనేరు, ఎక్కడెక్కడి నుంచో అమ్మలూ నాయనలూ అవ్వలూ దిగిపోయారు. మా జిల్లాలో కామెర్లంటే ఇంగ్లీషు మందు ఎవరికి గుర్తొస్తుంది? నేల ఉసిరి మోపులు, మజ్జిగ చెంబులు, చెరకు గడలు. ఒకావిడ పసరు పోసే ఆయన్నే వెంట తీసుకొచ్చింది. గుండెల్నీ మెదళ్లనీ కోసి కుట్టే డాక్టర్లు కిటికీల్లోంచి చూస్తుంటే, ఆయన గేటు పక్కన గోనెపట్ట పరుచుకుని దర్జాగా కూర్చున్నాడు.

ఆ గుంపులోంచి ఒక తలపాగా మెట్లెక్కి తిన్నగా నేనూ పెద్దసారూ ఉన్న గదివైపు వస్తోంది. మా నాయన! చంకలో నేల ఉసిరి మోపు, చేతిలో సొరకాయ బుర్ర. అటెండరు అడ్డం పోయే లోపే లోపలికి వచ్చేసి, నా గడ్డం పట్టుకుని, కింది రెప్పలు కిందికి లాగి, వెలుగుకు తిప్పి చూశాడు. పెద్దసారు ఎదురుగా!

"నాయనా, నాకేం లేదు. వదులు నాయనా" అన్నాను.

"గమ్మునుండు పాపా. ఊర్లో నువ్వు మంచం మీద ఉండావని సెప్పుకుంటా ఉండారు. మీ యమ్మ నిన్నటి నుంచి కూడు ముట్టలేదు" అన్నాడు. కాంపస్ కబురు బస్సెక్కి పోయి మా ఇంటికి ఏ రూపంలో చేరిందో అర్థమై, నా సిగ్గు కాస్తా ఎటో పోయింది.

నా కళ్లు తెల్లగా ఉన్నాయని రూఢి చేసుకున్నాక, నాయన చూపు పెద్దసారు మీదికి మళ్లింది. "సామీ, తప్పుగా అనుకోవద్దండి. తమరి కండ్లు రవ్వంత పసుపుగా ఉండాయే" అన్నాడు. సారు కంగారుగా లేచి గోడ అద్దంలో చూసుకుని, "అది ట్యూబు లైటయ్యా!" అన్నారు. నాయనకు నమ్మకం కలగలేదు. బుర్రలోంచి పసరు గ్లాసులోకి వంచి బల్లమీద పెట్టాడు. సారు ఆ గ్లాసును దూరంగా జరిపి, "మేము లేదని రోజూ చెప్తున్నాం కదా, మీరెందుకు నమ్మరు?" అని అడిగారు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

"లేనిదాన్ని లేదని ఎవురు సెప్తారు సామీ? మా ఇంట్లో దొంగలు పళ్లేదని నేను ఊర్లో దండోరా ఏపిస్తే, మీరేమనుకుంటారు? ఏందో పోయినట్టుండాది అనుకోరా?" అన్నాడు నాయన.

పెద్దసారు నవ్వారు, అదీ పైకి వినపడేలా. ఆ వెంటనే తెల్లకోటు తగిలించుకుని, "రామ్మా" అని నన్ను వెంటపెట్టుకుని బక్కోడి వార్డుకు నడిచారు. ఆ కుర్రాడు మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నాడు. సారును చూడగానే, "సార్, నేను సచ్చిపోయినానంట గదా?" అన్నాడు. ఊడ్చే ఆయమ్మ చెప్పిందట, బయట అట్లా అనుకుంటున్నారని. సారు కుర్చీ లాక్కుని కూర్చుని, "నీ పేరు బయటికి రాకూడదని నేను ఏదేదో చెప్పిస్తున్నానయ్యా" అన్నారు. "నన్ను అడిగుంటే నేనే సెప్పమనుందును గదా సార్. మా వాళ్లు నా రూమ్ దిక్కే రావడం లేదంట. హాస్టల్లో నా మంచానికి ఎవుడో అప్లికేషన్ కూడా పెట్టినాడంట" అన్నాడు బక్కోడు. నవ్వుతూనే అన్నాడు. సారు అతని భుజం మీద చెయ్యివేసి, రేపు మైకులో నువ్వే మాట్లాడతావా అని అడిగారు. దుప్పటి తీసేసి అప్పుడే బయలుదేరబోయాడు వాడు.

మర్నాడు పది గంటలకు నేను రాత్రే రాసిపెట్టుకున్న చక్కటి ప్రకటనతో సిద్ధంగా ఉన్నాను. పెద్దసారు కాగితం తీసుకుని చూసి, మడిచి నాకే ఇచ్చేశారు. తనే మైకు ముందు కూర్చున్నారు. ఇంగ్లీషులో కాదు, ఎప్పుడో చిన్నప్పుడు చిత్తూరులో గోలీలాడుకుంటూ మాట్లాడిన తెలుగులో, వెతుక్కుంటూ వెతుక్కుంటూ మొదలుపెట్టారు. "అందరూ వినండి. మన పిల్లోడికి ఒకడికి కామెర్లు వచ్చినాయి. ఒక్కడికే. పెళ్లికి పోయి యాడో నీళ్లు తాగినాడు. బాగైపోతా ఉండాడు. ఇది నేను మొదటిరోజే సెప్పుండాల. సెప్పలేదు. నీళ్లు పరీక్షకు పంపించినాము. మంచిగుంటే మంచిగుండాయని సెప్తా, లేకుంటే లేవని సెప్తా. అంతదాకా కాచిన నీళ్లు తాగండి." అని, చక్రాల కుర్చీలో వచ్చిన బక్కోడి వైపు మైకు తిప్పారు.

"నేను బతికే ఉండాను. నా మంచం ఎవురికీ ఇచ్చేది లేదు. అప్లికేషన్ పెట్టినోడు వచ్చి నాకు టీ ఇప్పించాల" అన్నాడు వాడు. అవతలి హాస్టల్ కిటికీల్లోంచి అరుపులూ, చప్పట్లూ, కంచాలు వాయించే మోతా వచ్చి పడ్డాయి. మైకు ఆపినా అది ఆగలేదు.

ఆ మధ్యాహ్నం పెద్దసారు తల్లిదండ్రులందర్నీ మెస్సుకు తీసుకుపోయి, వాళ్లతోనే కూర్చుని తిన్నారు. మెస్సు మామ ఉతికిన తువ్వాలు చుట్టుకుని, పెళ్లికూతురి తండ్రిలాగా కొసరి కొసరి వడ్డించాడు. మా నాయన మారు మారు అన్నం పెట్టించుకుని తిని, చేయి కడుక్కునేటప్పుడు, "సాంబారులో చింతపండు జాస్తి అయింది" అన్నాడు. అన్ని రోజుల తర్వాత తిన్నవాళ్లు పెట్టే వంక విని మామ ఎంత మురిసిపోయాడో చెప్పలేను.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. నీళ్ల ఫలితాలు వచ్చాయి. అన్నీ బాగున్నాయి గానీ, పాత హాస్టల్ వెనక ఉన్న ఒక ట్యాంకు నీళ్లు తాగడానికి పనికిరావన్నారు. ఈసారి చదివే పని నాది. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. "జలాశయము", "కలుషితము", "తాత్కాలికముగా" ఒక్కొక్కటే నోటిదాకా వచ్చి వెనక్కి పోయాయి. చివరికి, "పాత హాస్టల్ వెనక ట్యాంకులో నీళ్లు బాగలేవు. తాగొద్దండి. కడిగి, మళ్లీ పరీక్ష చేసి చెప్తాము. అంతవరకు కొత్త బ్లాకు నీళ్లు పట్టుకోండి" అని చదివి, భయంతో కళ్లు మూసుకున్నాను. ఇక గేటు విరిగిపోతుంది అనుకున్నాను. తెరిచి చూస్తే, కిటికీ అవతల పిల్లలు బకెట్లు ఊపుకుంటూ, జోకులేసుకుంటూ కొత్త బ్లాకు వైపు పోతున్నారు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఎవరి నాయనా రాలేదు. పెద్దసారు తలుపు దగ్గర నిలబడి అదంతా చూసి, నావైపు తల ఊపి వెళ్లిపోయారు. ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పుల్లో అంత పెద్దది మళ్లీ రాలేదు.

పదవీకాలం ముగిసి సారు వెళ్లిపోయారు. కొన్నేళ్లకు స్పీకర్లు కూడా పోయాయి. నేను వేరే ఊళ్లో, వేరే కొలువులో చేరి, జుట్టు నెరిపించుకుని, నలుగురికీ అర్థమయ్యేలా మాట్లాడతానన్న పేరు కూడా తెచ్చుకున్నాను. అయినా అప్పుడప్పుడు, పొద్దున పది దాటుతున్న వేళ, గంజిపెట్టిన నేత చీరలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుంటూ, తిరుపతికీ చిత్తూరుకూ మధ్యనున్న లోకమంతా తన మాట కోసమే ఆగిందని నమ్మిన ఆ పిల్ల మనసులో మెదులుతుంది. ఇప్పుడు గనక ఆ స్పీకర్ కింద నిలబడే అవకాశం వస్తే, ఆ పిల్ల ఏ అపరాహ్ణం గురించి చెప్పినా సరే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా సరే, కదలకుండా చివరిదాకా విని పోతాను.