చిన్నాయన రెగ్గేలో గట్టిమేళం

మా చిన్నప్పుడు... దుబాయ్ పక్కన అజ్మాన్‌లో, మా ఒంటిగది ఫ్లాట్‌లో తెల్లారితే చాలు, మస్తాన్ చిన్నాయన గిన్నెలన్నీ బోర్లించి రెగ్గే దరువు సాధన చేసేవాడు. అమ్మకు పప్పు ఎసట్లో వెయ్యాలంటే తపేలా దొరికేది కాదు...

మాది నెల్లూరు వైపు మేళగాళ్ళ ఇల్లు. నమాజు చదివే ఇల్లే, కానీ చుట్టుపక్కల గుళ్ళలో, పెళ్ళిళ్ళలో మేళం మావాళ్ళదే. మా తాతది డోలు, నాయనది నాదస్వరం. గల్ఫ్ వచ్చాక నాయన వ్యాన్ డ్రైవరయ్యాడు. నాదస్వరం అమ్మ పాత చీరలో చుట్టుకుని మంచం కింద పడుకుంది.

డోలు నేర్చిన చిన్నాయనకేమో రెగ్గే పిచ్చి పట్టింది. మనం దెబ్బ వేసే చోట ఖాళీ వదిలి, వదిలే చోట వేసే సంగీతం అది. "ఏందిరా అది, కునికిపాట్లు పడతా వాయిస్తున్నట్టుండాదే!" అని నాయన విసుక్కునేవాడు.

చిన్నాయన విజిట్ వీసా అయిపోవస్తోంది. అప్పుడే సముద్రం ఒడ్డున ఒక హోటల్లో, రెగ్గే బ్యాండుకి డ్రమ్ములు వాయించే మనిషి కావాలన్నారు. శుక్రవారం మధ్యాహ్నం ఒక షో వాయించి చూపించాలి. నచ్చితే వీసా, లేకపోతే ఖలాస్... ఊరికి టికెట్టే! బయల్దేరే ముందు అమ్మ ఉప్పుతో దిష్టి తీసింది. ఇంటిల్లిపాదీ వెళ్ళాం.

మొదటి పాటలు బాగానే వాయించాడు. తర్వాత ఒకటి నెమ్మదిగా, ఊగుతూ సాగుతోంది... ముందు బల్ల దగ్గర ఒక అరబ్బు పెద్దాయన, వెయిటర్ కోసం చెయ్యెత్తి వేలు గిరగిరా తిప్పాడు.

అంతే! పెళ్ళిలో పురోహితుడు అలా వేలు తిప్పితే, ఏం వాయిస్తున్నా ఆపేసి గట్టిమేళం ఎత్తుకోవాలి కదా... తాత మొట్టికాయలు వేసి మరీ నేర్పిన పాఠం. చేతులు చిన్నాయన్ని అడగనే లేదు. తాళి కట్టే వేళ మోగినట్టు డమడమా మోగించేశాడు!

బ్యాండంతా ఆగిపోయింది. జడలు కట్టిన జుట్టున్న ఇథియోపియా పాటగాడు, బ్యాండుకి ముదీర్, అంటే మేనేజరు కూడా ఆయనే, వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. చిన్నాయన ఇక వెళ్ళిపోతాడని నాకు ఏడుపొచ్చేసింది. పక్కకు చూస్తే... నాయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన వేళ్ళు నీళ్ళ సీసా మీద నాదస్వరం వాయిస్తున్నాయి.

జనం మాత్రం ఒకటే చప్పట్లు! ఆ సందట్లోనే చిన్నాయన తనకొచ్చిన హిందీలో సంగతి చెప్పుకున్నాడు. ముదీర్ పగలబడి నవ్వాడు. తర్వాతి పాట మధ్యలో తనే వేలెత్తి తిప్పి, "యల్లా మస్తాన్!" అన్నాడు, ఇక కానిమ్మన్నట్టు.

వీసా వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ వేలు ఎప్పుడు లేస్తుందా అనే జనం వచ్చేవాళ్ళు. ఒక శుక్రవారం మంచం కింది నాదస్వరం కూడా అక్కడికే వచ్చింది. ఆ రోజు నాయన ముఖం చూడాలి మీరు...

ఇప్పుడు చిన్నాయనకు సొంత బ్యాండు. డ్రమ్ముల పక్కనే తాత డోలు.

మొన్న ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళాం. పురోహితుడు వేలెత్తాడు... ఎవరో ఫోన్లో బటన్ నొక్కితే స్పీకర్లోంచి గట్టిమేళం వచ్చింది. ఫోన్ ఒక్క క్షణం ఆలస్యమైంది. నా పక్కన కూర్చున్న చిన్నాయన చేతులు అప్పటికే కుర్చీ మీద మొదలుపెట్టేశాయి.

మీ ఇంట్లో కూడా... మనిషి మర్చిపోయినా చేతులు మర్చిపోని పని ఏదైనా ఉందా? ఉంటే రాయండి, చదువుకుంటాను.