మైకులో అవ్వా అన్నాక

ఎన్నికల ముందు మంచిర్యాలలో టీవీవాళ్లు పోటీదారులిద్దరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి చర్చ పెట్టారు. ఆ రోజు నేనే లేచి, మైకు లాక్కుని, ఇద్దరి నోళ్లూ మూయించానని చాయ్ హోటల్లో చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కథలో జనం పెరిగారు. ఒకసారైతే పోలీసులు కూడా వచ్చారు.

నిజానికి లేచింది నేను కాదు, మా చెల్లె. నస్పూర్ అవతల ఆమె ఉండే ఊరిని ఆనుకునే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ఉంది. మధ్యాహ్నం బాంబులు పేలిస్తే ఇళ్లు అదురుతాయి. ఆమె వంటింటి గోడలో చెయ్యి పట్టేంత చీలిక. ఊరిని వేరేచోటికి మారుస్తారన్న మాట ఏళ్లుగా వింటోంది.

"సారూ, మాకు ఇండ్ల జాగ ఇస్తరా, ఇయ్యరా? ఇస్తే ఎప్పుడిస్తరు?" అని అడిగింది.

అంతవరకు "సమగ్రాభివృద్ధి", "పునరావాస విధానం" అంటున్న మొదటాయన గొంతు తగ్గించాడు.

"అవ్వా, సారు అనకే. నేను నీ కొడుకును. నీ గోడ పగిలితే నా పానం పోయినట్టే గదా!"

చప్పట్లు. రెండో ఆయన ఊరుకుంటాడా? దిగొచ్చి ఆమె కాళ్లు మొక్కాడు. మళ్లీ చప్పట్లు. ఈలోగా మైకు ఇంకొకరి చేతికి పోయింది. మా చెల్లె కొంగుతో కళ్లొత్తుకుంటూ కూర్చుండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అన్నాను.

"ఎప్పుడిస్తరో చెప్పనే లేదు గదనే. మళ్ల అడగకపోతివి?"

"ఎట్లడుగుతనే అన్నా? గంత మందిల అవ్వా అన్నడు. కొడుకును నిలదీసుడు మంచిగుంటదా?"

"వానికి ఊరికో అవ్వ ఉంటదే పిచ్చిదానా."

"మరి నువ్వెందుకు చప్పట్లు కొట్టినవ్?"

చేతులు వాచేలా కొట్టాను. కాదు, అంతేం కొట్టలేదు. కానీ అందరికంటే ముందు కొట్టింది నేనే. అంత పెద్ద మనిషి నోట మన మాట వినబడితే ఒళ్లు పులకరించింది. ఆ క్షణాన ఆమె ప్రశ్న నాక్కూడా గుర్తులేదు.

మొదటాయన గెలిచాడు. జాగ రాలేదు. చీలిక పొయ్యి దాకా దిగింది. వాడకట్టు ఆడవాళ్లు కూడినప్పుడు ఆయన్ను నోటికొచ్చినట్టు తిడతారు. మా చెల్లె కాసేపు వింటుంది. తర్వాత వాళ్ల మీదే కసురుకుంటుంది.

"ఊకోండ్రి ఇగ. వానికెన్ని పరేషాన్లు ఉన్నయో ఏమో."