గుడ్డు ముందు కప్పులో

మా ఇంటావిడ పోయిన నెల ఇక్కడే, కెనడాలోని రెజైనాలో, ఆసుపత్రిలో కన్నుమూసింది. కొందరికి ఫోన్ చేసి చెప్పలేకపోయాను. ఈ నాలుగు మాటలు వాళ్ళ కోసం కూడా.

ఆమె దేన్నీ ఊరికే నమ్మేది కాదు. పాల డబ్బా మీది తేదీని నమ్మదు. వాతావరణం చెప్పేవాళ్ళను అసలే నమ్మదు. గుడ్డును తిన్నగా గిన్నెలో ఎన్నడూ కొట్టలేదు. ముందు చిన్న కప్పులో కొట్టి, వాసన చూసి, ఆ తర్వాతే. ఈ మధ్య ఊరి నిండా మన విద్యార్థులే కదా. మా బేస్‌మెంట్‌లోనూ ఒక వరంగల్ అమ్మాయి అద్దెకుంటోంది. పొద్దున పూట ఒక బ్రేక్‌ఫాస్ట్ హోటల్లో పని. ఆ కప్పు సంగతి చూసి ఆ అమ్మాయి నవ్వింది.

"ఆంటీ, ఇక్కడ గుడ్లు ఖరాబ్ కావు."

"గుడ్డు నీతో చెప్పిందా?"

పెంకు తీసి నీళ్ళలో ఉడికించే పోచ్‌డ్ ఎగ్‌ను ఆమె నీళ్ళ గుడ్డు అనేది. హోటల్లో దానికి అచ్చులున్నాయని అమ్మాయి చెప్తే ముఖం చిట్లించింది. నీళ్ళు అడుగున చిన్న బుడగలు వేసేదాకా కాచి, చెంచాడు వెనిగర్ పోసి, గరిటెతో సుడి తిప్పి, కప్పు అంచు నీళ్ళకు ఆనించి గుడ్డు జార్చేది. చెదిరేది కాదు. అనుమానంతో పట్టుకున్న కప్పే అందులో కిటుకు.

నన్నెప్పుడూ స్టవ్ దగ్గరికి రానిచ్చేది కాదు. అలాంటిది మంచు కరిగే రోజుల్లో పిలిచి నేర్పడం మొదలుపెట్టింది, తను కుర్చీలో కూర్చుని. నూనె లేని తిండి నా గుండెకు మంచిదట. నేను నమ్మలేదు.

"డాక్టర్ నాకు చెప్పనిది నీకేమైనా చెప్పాడా?"

"నీళ్ళు తెర్లుతున్నాయి, స్టవ్ తగ్గించండి."

"అడిగినదానికి చెప్పు."

"ముందు కప్పులో కొట్టండి. వాసన చూశారా?"

వేసవిలో డాక్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టి జబ్బు పేరు చెప్పాడు. నేను ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. ముందే తెలుసన్న జాడ ఏమీ దొరకలేదు.

మొన్న ఉదయం నీళ్ళు పెట్టాను. వెనిగర్ వాసనకు అమ్మాయి పైకొచ్చింది. నా చేతుల వంకే చూస్తోంది.

"ఏమిటమ్మా?"

"ఆంటీ చూడమన్నది అంకుల్. మీరు వాసన చూస్తరో, లేదో."

"ఎప్పుడు చెప్పింది?"

"క్రిస్మస్ సెలవులల్ల. అంకుల్‌కు నేను నేర్పిస్త, తర్వాత నువ్వు చూస్తుండు అన్నది. మీకు చెప్పొద్దన్నది."

క్రిస్మస్ నాటికే ఆమెకు తెలుసు.

గుడ్డు కప్పులో కొట్టాను. కప్పు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బాగానే ఉంది. నీళ్ళు తిప్పి జార్చాను. తెల్లసొన పొడుగ్గా సాగి, సుడి వెంట తిరిగొచ్చి, మెల్లగా చుట్టుకుంది. లోపలి పసుపు ఇక కనిపించలేదు.