పదకొండు నిమిషాలు ఉన్న మనిషి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. సూర్యాపేట బస్టాండ్ వెనక ఒక చిన్న వెబ్‌సైట్ల ఆఫీసులో పనిచేసేదాన్ని. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది, ఈ పనంతా అక్కడే నేర్చుకున్నాను. ఒక సైట్‌కి ఎంతమంది వచ్చారు, ఏ పేజీ చూశారు, ఎంతసేపు ఉన్నారు అన్నీ చూపించే లెక్కని అనలిటిక్స్ అంటారు. వచ్చినవాళ్లు ఒక్క పేజీ చూసి వెళ్లిపోతే అది బౌన్స్. బౌన్స్ తగ్గించాలి, వచ్చినవాళ్లని ఇంకాసేపు ఉంచాలి. నా జీతం అందుకే.

కోదాడలో ఫ్లెక్సీల షాపు నడిపే శ్రీకాంతన్నకి ఒక రక్తదాతల సైట్ ఉండేది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల రక్తం ఇస్తామన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో ఉండేవి. సైట్ ఖర్చు ఆయనదే. జనం ఇంకాసేపు ఉంటే యాడ్ ఇస్తానని ఒక బట్టల షాపాయన మాటిచ్చాడట. అన్న వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"ఏంటమ్మాయ్, వచ్చినోళ్లు వచ్చినట్టే పోతున్నారు? అర నిమిషం కూడా ఆగట్లేదు!"

"నంబర్లు మొదటి పేజీలనే ఉన్నయ్ గదన్నా. తీస్కుంటున్నరు, పోతున్నరు. నాలుగు పేజీల వెనక్కి జరుపుత, అప్పుడెట్ల పోతరో సూస్త!"

"నువ్వు మామూలుదానివి కాదు," అని పగలబడి నవ్వాడు.

నాకూ గర్వంగానే అనిపించింది. మొదట రక్తం గ్రూపు, తర్వాత మండలం, తర్వాత రక్తదానం గొప్పతనం మీద ఒక వ్యాసం, ఆ తర్వాత పేరు, వయసు, ఊరు నింపే ఫారం. అన్నీ దాటితేనే నంబర్. నెల తిరిగేసరికి గ్రాఫ్ నిటారుగా లేచింది. ఒకరోజైతే ఒక్క మనిషి పదకొండు నిమిషాలు ఉన్నాడు! స్క్రీన్‌షాట్ తీసి అన్నకి పంపాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. వచ్చినవాళ్లు ఎక్కడెక్కడ నొక్కారో వీడియోలా చూపించే రికార్డింగ్ కూడా మా దగ్గర ఉంటుంది. దాన్ని మాత్రం నేను తెరవలేదు. అంకె బాగున్నప్పుడు ఎవరు తెరుస్తారు?

రెండు వారాల తర్వాత, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే ఒకాయన లోపలికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా మీద తవుడు దుమ్ము. పేరు యాదగిరి అని, మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ అని చెప్పాడు. సైట్ అడుగున ఉన్న మా అడ్రస్ పట్టుకుని బస్సెక్కి వచ్చాడట.

"రక్తం ఇచ్చేటోళ్లల్ల నా పేరు రాస్కో చెల్లె. నాది ఓ పాజిటివ్."

"దీనికోసం గింత దూరం వచ్చినవా అన్నా? ఫోన్లనే ఫారం ఉంటది గద?"

"గా ఫారం నాతోటి కాదు. ఏడ ఒత్తినా ఇంకోటి తెరుస్తది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మా చెల్లె తొలికాన్పుకు మా ఇంటికొచ్చింది. కాన్పైనంక రక్తం ఆగలే. ఓ నెగెటివ్ కావాలన్నరు, దవాఖాన్ల లేదన్నరు. వరండాల నిలబడి మీ సైటు తెరిసిన. రక్తమిస్తే గుండెకు మంచిదని ఏందేందో రాసుండె. గప్పుడు గది నాకెందుకు చెల్లె? ఆఖరికి మిల్లుకు ఉరికి మనిషిమనిషినీ అడిగిన. ఒకాయన దొరికిండు, తోల్కపోయిన." చొక్కా మీది తవుడు దులుపుకున్నాడు. "పుట్టిన పిల్లొక్కతే బతికింది."

ఏ రోజని అడిగాను. చెప్పాడు. ఆ రోజు ఓ నెగెటివ్ కోసం వెతికింది ఒక్కరే. పదకొండు నిమిషాలు. రికార్డింగ్ తెరిచాను. ఫారంలో వయసు నింపలేదని ఎర్రక్షరాలు వస్తున్నాయి. వెనక్కి వెళ్తున్నాడు, మళ్లీ గ్రూపు, మళ్లీ మండలం, మళ్లీ ఆ వ్యాసం. చివర్లో ఒకే చోట టకటకా ఇరవైసార్లు నొక్కాడు. దాన్ని రేజ్ క్లిక్ అంటారు, విసిగిపోయిన వేలు. నంబర్ ఉన్న పేజీ దాకా రానేలేదు.

"గది నేనేనా?" అన్నాడు, నా వెనక నిలబడి.

"నువ్వేనన్నా. నంబర్లు ముందల్నే ఉండె. నేనే వెనక్కి జరిపిన."

"ఎందుకు?"

"జనం ఎక్కువసేపు ఉండాలని."

స్క్రీన్ మీద పదకొండు నిమిషాలన్న చోట వేలు పెట్టాడు.

"ఉన్న గద," అన్నాడు.

తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. "పేరు రాస్కున్నవా?" అని మాత్రం అడిగాడు. రాశాను. బస్సుకి టైమవుతోందని వెళ్లిపోయాడు.

నంబర్లు మొదటి పేజీకి తెచ్చాకే శ్రీకాంతన్నకి ఫోన్ చేశాను. "యాడ్ పోద్ది కదమ్మాయ్," అన్నాడు. జరిగింది చెప్పాను. మెల్లగా, "ఆ ఫారం కూడా పీకెయ్. నవ్వాను చూడు నేను," అన్నాడు.

ఆ నంబర్ ముందే దొరికితే యాదగిరి చెల్లెలు బతికేదా? తెలిసిన నర్సక్కని అడిగాను. చెప్పలేమంది. బతికేది కాదు అని ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేదేమో.

చీరల సైట్‌లో ఎక్కువసేపు ఉంటే ఇష్టపడి ఉన్నట్టు. రక్తం సైట్‌లో ఉంటే దారి దొరక్క ఉన్నట్టు. రెండింటికీ గ్రాఫ్ ఒకేలా లేస్తుంది. మనిషి ఏం కావాలని వచ్చాడో తెలియకుండా ఏ అంకెనీ మంచిదనకూడదని నేను నేర్చుకున్నది ఇంత ఆలస్యంగా. ఇప్పుడు ఆ సైట్‌లో ఎవరైనా నిమిషం దాటి ఉంటే నా ఫోన్ మోగేలా పెట్టుకున్నాను. మోగితే చేతిలో పని వదిలేసి, ఆ వేలు ఎక్కడ ఆగిపోయిందో చూస్తాను.