తిట్టుతో సహా

ఆవిడ వయసంతా బట్టల మిల్లులో మగ్గాల మధ్యే గడిచిపోయింది. ఆ మోతలోనూ గేటు దాకా వినబడే గొంతు కాబట్టి అందరూ సైరనమ్మ అనేవారు. సమ్మె నాడు గేటు ముందు ఆవిడ మాట్లాడిందంతా ఎవరో టేపులో పట్టి, క్యాసెట్టు ఆవిడకే ఇచ్చారు. ఇన్నాళ్లకు చెల్లెలి కూతురు, చరిత్ర టీచరు, దాన్ని పాఠంలో వినిపిస్తానని పట్టుకెళ్లింది. మేనేజరును తిట్టిన ముక్క మాత్రం కోసేయమన్నాడు హెడ్మాస్టరు. ఆ మాట చెవిన పడగానే సైరనమ్మ నేరుగా క్లాసులోకే వచ్చింది.

"ఒక్క మాటే కదా పెద్దమ్మా, పిల్లలు నేర్చుకుంటారు," అని టీచరు బతిమాలింది.

"కొత్తగా నేను నేర్పాలా? వస్తూ వస్తూ మీ ఆటస్థలంలో ఇంతకన్నా ఘనమైనవి విన్నానే!"

"ఇది బడి అమ్మా," అన్నాడు వెనకాలే వచ్చిన హెడ్మాస్టరు.

"అందుకేనయ్యా! అది తీసేస్తే నేనేదో దండం పెట్టి అడుక్కున్నట్టుంటుంది. నేను అడుక్కోలేదు. పెడితే మొత్తం పెట్టండి, లేదా నా క్యాసెట్టు నాకిచ్చేయండి."

టీచరు టేప్‌రికార్డరు మీట నొక్కింది. తిట్టు రాగానే క్లాసంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక ముందు బల్ల మీది పిల్ల లేచింది.

"ఎందుకంత కోపం అమ్మమ్మా?"

"మేం లోపల పనిచేస్తుంటే బయట తాళం వేసుకుపోయేవాడు తల్లీ. సమ్మెకు ముందు రోజు షెడ్డులో పొగ కమ్మింది. తలుపు పగలగొట్టుకుని బయటపడ్డాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మళ్లీ పెట్టండి టీచర్," అంది ఆ పిల్ల.

టీచరు మళ్లీ పెట్టింది. ఆ ముక్క రాగానే సైరనమ్మ హెడ్మాస్టరు కళ్లలోకి చూస్తూ, టేపుతో పాటు తనూ గట్టిగా తిట్టింది.